రావులపాలెంలో మా జీఎస్టీ ఆడిటర్ గారి ఆఫీసు: పని బంగారం, ఫోన్ మాత్రం ఎత్తరు

ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట చుట్టుపక్కల చిన్న వ్యాపారం ఉండి జీఎస్టీకి, ఇన్‌కమ్ టాక్స్‌కి ఎవర్ని పట్టుకోవాలా అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. మా ఆడిటర్ గారి పేరు రాయట్లేదండి, రాయొద్దని ఆయనే చెప్పారు, ఉన్న క్లయింట్లకే టైము చాలట్లేదంట. రావులపాలెం సెంటర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం, మేడమీద రెండు గదులు, కావాల్సినవాళ్ళు మా షాపుకొచ్చి అడిగితే దారి చెప్తా. ఆయన సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) కాదు, జీఎస్టీ ప్రాక్టీషనర్, అంటే వ్యాపారుల తరఫున జీఎస్టీ లెక్కలు (రిటర్న్‌లు) వేసిపెట్టే మనిషి, మేమంతా ఆడిటర్ గారనే పిలుస్తాం.

మాది పూతరేకుల పని. మా అత్తగారి చేతి మీద మొదలైంది, ఇప్పుడు మా వీధిలో ఆడవాళ్ళు ఎవరింటి దగ్గర వాళ్ళు కుండ మీద రేకులు తీసిస్తారు, మేం నెయ్యి, పంచదార లేకపోతే బెల్లం, డ్రైఫ్రూట్స్ వేసి చుట్టి డబ్బాల్లో పెట్టి అమ్ముతాం. శనివారం వచ్చిందంటే వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో రోడ్డు నిండిపోద్ది, మా వారం అమ్మకంలో సగం పైన ఆ ఒక్క రోజే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర) వచ్చాక బయట ఊళ్ళ నుంచి ఫోన్ ఆర్డర్లు బాగా పెరిగాయి, పెరగడం మంచిదే గానీ టాక్స్ తలనొప్పి కూడా ఆ ఆర్డర్లతోనే మొదలైంది.

అంతకుముందు ఇంకో ఊళ్ళో ఒకాయన దగ్గర చేయించేవాళ్ళం. ఆయన మమ్మల్ని కాంపోజిషన్ స్కీమ్‌లో పెట్టాడు. అది తప్పని అనను, కోటిన్నర లోపు టర్నోవర్ (ఏడాది అమ్మకం) ఉన్నవాళ్ళు పెట్టుకోవచ్చు, మాలాగా తయారుచేసి అమ్మేవాళ్ళకి అమ్మకం మీద 1 శాతం, మూడు నెలలకోసారి కట్టేసి ఊరుకోవడమే, లెక్కల గొడవ తక్కువ. కానీ హైదరాబాద్ నుంచి పెళ్ళి ఆర్డర్ ఒకటి వచ్చి, కొరియర్‌లో పంపొచ్చా అని మా ఆయన అడిగితే "ఏం పర్లేదు పంపేయండి, ఎవడు చూస్తాడు" అన్నాడంట. టాక్స్ చూసుకోమని డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి ఎవడు చూస్తాడు అంటే మా ఆయనకి ఎక్కడో కొట్టింది. పార్సిల్ ఆపి, తెలిసినవాళ్ళు చెప్తే ఈ రావులపాలెం ఆడిటర్ గారి దగ్గరికి వెళ్ళాం.

వెళ్ళగానే ఈయన చేసిన మొదటి పని మా జీఎస్టీ నంబర్ అడిగి ఫోన్లోనే పోర్టల్‌లో కొట్టి చూడడం. ఎవరి నంబర్ కొట్టినా వాళ్ళు రెగ్యులరా (మామూలు జీఎస్టీ పద్ధతి), కాంపోజిషనా, రిటర్న్‌లు వేస్తున్నారా లేదా అన్నీ కనపడతాయంట, లాగిన్ కూడా అక్కర్లేదు, మాకు అప్పటిదాకా తెలీదు. చూసి, "అమ్మా, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదు, హైదరాబాద్ మనకి వేరే రాష్ట్రం అయ్యి ఇన్నేళ్ళైంది" అన్నారు. మరి మేం చిన్నవాళ్ళం కదండి, 40 లక్షల లోపు వాళ్ళకి అసలు జీఎస్టీయే అక్కర్లేదంటారు కదా, రిజిస్ట్రేషన్ తీసేయించుకుని పంపుకుంటే అని నేనడిగా. దానికి ఆయన చెప్పింది ఇక్కడ ప్రతి పూతరేకుల షాపువాళ్ళూ, పచ్చళ్ళవాళ్ళూ వినాలి: సరుకు అమ్మేవాళ్ళకి ఏపీలో 40 లక్షల లిమిట్ ఉన్నమాట నిజమే (తెలంగాణలో 20 లక్షలే), కానీ ఆ లిమిట్ రాష్ట్రం లోపల అమ్ముకునేవాళ్ళకి. టాక్స్ పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే ఒక్క డబ్బా అయినా సరే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అదే హైదరాబాద్ వాళ్ళు వాడపల్లి వచ్చి మన షాపులో కొనుక్కుని కారులో పెట్టుకెళ్తే ఇబ్బంది లేదు, అది ఇక్కడి అమ్మకమే. వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని కొరియర్ చేస్తున్న వాళ్ళు మా మండలంలో ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు, వాళ్ళలో ఈ మాట తెలిసినవాళ్ళు ఎంతమందో కూడా చెప్పక్కర్లేదు.

నాకు నచ్చింది ఏంటంటే, వెంటనే రెగ్యులర్‌కి మారిపోండి అని తొందరపెట్టలేదు. రెగ్యులర్ అయితే ఆయనకి ఫీజు ఎక్కువ వస్తుంది కదా, అయినా కాయితం తీసి రెండు వైపులా లెక్క వేశారు. కాంపోజిషన్‌లో పది లక్షల అమ్మకానికి పదివేలు మన జేబులోంచి కడతాం, కస్టమర్ దగ్గర జీఎస్టీ అని విడిగా ఒక్క రూపాయి తీసుకోకూడదు, కొన్న నెయ్యి మీద, డబ్బాల మీద కట్టిన టాక్స్ వెనక్కి రాదు. రెగ్యులర్‌లో స్వీట్లకి 5 శాతం, అన్నీ కలిపి నాలుగొందలకి అమ్మే డబ్బాలో పందొమ్మిది రూపాయల చిల్లర టాక్స్, దాంట్లోంచి మనం కొన్నవాటి మీద కట్టింది తీసేసి మిగతాది కట్టాలి. "హైదరాబాద్, బెంగళూరు పార్సిళ్ళు మీ అమ్మకంలో ఎంత ఉంటాయి అనేది మీరే చెప్పాలి, వాడపల్లి అమ్మకమే చాలు అనుకుంటే మారొద్దు" అన్నారు. మేం ఇంటికొచ్చి మాట్లాడుకుని మారదాం అనుకున్నాం. మారిన రోజుకి ఇంట్లో ఉన్న సరుకు, అంటే నెయ్యి, జీడిపప్పు, డబ్బాలు, వాటి మీద కట్టిన టాక్స్ కూడా వెనక్కి తీసుకోవచ్చంట, కాకపోతే 30 రోజుల్లో ఐటీసీ-01 అనే ఫారం వెయ్యాలి, బిల్లులుండాలి. మా అత్తగారి దగ్గర నెయ్యి బిల్లులు పోపుడబ్బా కింద దొరికాయి, దానికి ఇంట్లో నవ్వులు.

ఇక్కడిదాకా బానే ఉంది, అసలు సినిమా లాగిన్ దగ్గర మొదలైంది. పాతాయన మా రిజిస్ట్రేషన్ చేసినప్పుడు మొబైల్ నంబర్, ఈమెయిల్ రెండూ తనవే ఇచ్చుకున్నాడు. మా వ్యాపారం, మా పాన్ కార్డు, మా సంతకం, ఓటీపీ మాత్రం ఆయనకి వెళ్తుంది. నంబర్ మార్చమంటే ఇదిగో అదిగో అన్నాడు, తర్వాత ఏదో పాత బాకీ ఉందన్నాడు, రసీదు చూపించమంటే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈయనకి చెప్తే నవ్వి, ఇది నాకు కొత్తేం కాదమ్మా అని, లాగిన్ లేకపోయినా మార్చుకునే దారి ఉంది అన్నారు: పాన్, ఆధార్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, షాపు ప్రూఫ్ పట్టుకుని మన సర్కిల్ జీఎస్టీ ఆఫీసులో అర్జీ పెడితే ఆఫీసరే సిస్టమ్‌లో కొత్త నంబరు, మెయిల్ పెడతారు, మన మెయిల్‌కి యూజర్‌నేమ్, టెంపరరీ పాస్‌వర్డ్ వస్తుంది. అలాగే వచ్చింది. ఇప్పుడు ఓటీపీ మా ఆయన ఫోన్‌కే వస్తుంది, రిటర్న్ వేసే ప్రతిసారీ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి, ఎంత అమౌంట్ వేస్తున్నామో చెప్పి, ఓటీపీ అడుగుద్ది. కొంచెం విసుగే, పిండి కలుపుతూ చెయ్యి కడుక్కుని ఫోన్ వెతుక్కోవాలి, కానీ మన పేరు మీద ఏం వెళ్తుందో మనకి తెలుస్తుంది. ఇది చదివేవాళ్ళు ఎవరి దగ్గర చేయిస్తున్నా సరే, ఈరోజే మీ నంబరుకి ఓటీపీ వస్తుందో లేదో చూసుకోండి. ఇంకోటి, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి గవర్నమెంటు ఫీజు ఏమీ లేదు, సున్నా. గవర్నమెంటు చలానా అని ఎవరైనా మూడువేలు తీసుకున్నారంటే అది వాళ్ళ జేబు చలానా. చిన్నవాళ్ళకి 2025 నవంబర్ 1 నుంచి మూడు పనిరోజుల్లో రిజిస్ట్రేషన్ ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి అమ్మేదాని మీద పడే టాక్స్ నెలకి రెండున్నర లక్షలు దాటదు అనుకునేవాళ్ళకి.

రోజువారీ పని ఎలా ఉంటదంటే, నెలకో బ్రౌన్ కవర్ ఇస్తారు, కొన్న బిల్లులన్నీ దాంట్లో వేసి నెల మారాక ఇచ్చేయాలి. అమ్మకాలు మేం బుక్కులో రాసి ఫోటోలు పంపుతాం. ఆఫీసులో ఉన్న అమ్మాయి ప్రతి బిల్లునీ పోర్టల్‌లో 2బీ స్టేట్‌మెంట్‌తో (మనకి అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితా) పోల్చి ఎర్ర పెన్నుతో టిక్ పెడుతుంది, టిక్ లేని బిల్లు వచ్చిందంటే ఆ షాపువాడు మన బిల్లు తన రిటర్న్‌లో చూపించలేదని అర్థం, మనకి ఆ టాక్స్ వెనక్కి రాదు. డబ్బాలు వేసే ఆయన ఒకాయన వరసగా చూపించలేదు, మేం ఏడాది నుంచి ఆయన దగ్గరే కొంటున్నాం, మొహమాటంతో అడగలేకపోయాం. ఆడిటర్ గారే ఫోన్ చేసి, అరిచారనే చెప్పాలి, తర్వాత రిటర్న్‌లో ఎక్కాయి. ఇలాంటి ఫోన్లు చేసే ఆడిటర్ దొరకడం కష్టం, చాలామంది బిల్లు తీసుకుని ఎంత ఉంటే అంత వేసేస్తారు, తర్వాత నోటీసు వస్తే అప్పుడు చూద్దాం అంటారు.

షాపు అద్దె సంగతి కూడా ఈయన చెప్తేనే తెలిసింది. మా షాపు ఓనర్ గారికి జీఎస్టీ లేదు, పెద్దాయన, అద్దె తీసుకుని చీటీ మీద సంతకం పెట్టిస్తారు. 2024 అక్టోబర్ 10 నుంచి అలాంటి షాపు అద్దె మీద రెగ్యులర్‌లో ఉన్న అద్దెకున్నవాళ్ళే 18 శాతం కట్టాలి. ఎనిమిది వేల అద్దెకి 1,440. అది క్రెడిట్‌లోంచి (కొన్నవాటి మీద కట్టి వెనక్కి రావాల్సిన టాక్స్) కుదరదు, డబ్బుగానే కట్టాలి, కట్టాక మళ్ళీ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే కుడి చేత్తో ఇచ్చి ఎడం చేత్తో తీసుకోవడమే, కానీ కట్టకపోతే వడ్డీ 18 శాతం పడుద్ది. కాంపోజిషన్ వాళ్ళని తర్వాత దీంట్లోంచి తప్పించారు. ఈ ముక్క మా పక్క షాపువాళ్ళకి చెప్తే ఓనర్‌కి జీఎస్టీ లేనప్పుడు మేమెందుకు కట్టాలి అని నామీద గొడవకొచ్చారు, రూలు పెట్టింది నేనైనట్టు!

ఇక 2025 సెప్టెంబర్ 22 ముచ్చట. ఆ నెల 3వ తారీఖున జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్ అయ్యి 12, 28 శాతం తీసేస్తున్నారు, 5, 18 ఉంటాయి, లగ్జరీకి 40 అని టీవీలో వచ్చిన రోజు నుంచి షాపుకొచ్చే ప్రతి రెండో కస్టమరూ జీఎస్టీ తగ్గింది కదా పూతరేకులు తగ్గించరా అని. అమ్మా స్వీట్లకి ముందు నుంచీ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే అంటే నమ్మరు. మర్నాడే ఆడిటర్ గారు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు, కిరాణా వాళ్ళకి ఒకటి, సిమెంటు కొట్టు వాళ్ళకి ఒకటి, మా స్వీట్ల వాళ్ళకి ఒకటి, ఎవరిది వాళ్ళకి. నెయ్యి 12 నుంచి 5, బాదం పిస్తా 12 నుంచి 5, అట్ట డబ్బాలు 12 నుంచి 5, జీడిపప్పు ముందే 5లో ఉంది. సరే కొనేవన్నీ తగ్గాయి కదా మనకి మిగులుద్ది అని నేను సంబరపడితే అక్కడే ఆపేశారు. పది కేజీల నెయ్యి, కేజీ టాక్స్ కాకుండా 600 అనుకుందాం, ఆరు వేలకి ముందు 720 టాక్స్, ఇప్పుడు 300. కొట్లో 420 తక్కువ కడతాం. కానీ ముందు ఆ 720 మొత్తం మన టాక్స్‌లోంచి తగ్గేది, ఇప్పుడు 300 మాత్రమే తగ్గుద్ది, కాబట్టి ఆ 420 గవర్నమెంటుకి ఎక్కువ కడతాం. రెగ్యులర్‌లో ఉన్నవాడికి మిగిలేది ఏమీ లేదు, కొనేటప్పుడు చేతిలో డబ్బు కొంచెం తక్కువ ఇరుక్కుంటుంది, అంతే. నిజంగా 420 మిగిలేది కాంపోజిషన్‌లో ఉన్నవాడికి, అసలు రిజిస్ట్రేషన్ లేనివాడికి, ఎందుకంటే వాళ్ళకి ఆ టాక్స్ ఎప్పుడూ వెనక్కి వచ్చేది కాదు. ఈ లెక్క ఇంత విడమరిచి చెప్పినవాళ్ళని నేను టీవీలో కూడా చూళ్ళేదు, అక్కడ అందరూ అరుచుకోవడమే.

ఇన్‌కమ్ టాక్స్ కూడా ఆయనే చేస్తారు, ఐటీఆర్ (ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్) వరకు. ఆడిట్ అవసరమైన వాళ్ళని మాత్రం సీఏ దగ్గరికి పంపేస్తారు, నేను సంతకం పెట్టకూడదు అని ముందే చెప్తారు, అదీ నచ్చింది. మాది 1961 చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద వేస్తారు, అంటే ప్రతి ఖర్చుకీ పుస్తకాలు రాయకుండా టర్నోవర్‌లో ఇంత శాతం లాభం అని చూపించడం, బ్యాంకులోకి వచ్చిన దానిమీద 6 శాతం, క్యాష్ మీద 8 శాతం, అది మినిమమ్, నిజంగా ఎక్కువ వస్తే ఎక్కువే చూపించాలి. ఇప్పుడు ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2025 జూలైలో బెంగళూరులో చిన్న షాపులవాళ్ళకి యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులిచ్చారని వార్తలొచ్చాక మా రోడ్డు మీద కొంతమంది క్యూఆర్ బోర్డు తీసి లోపల పెట్టేశారు, ఓన్లీ క్యాష్ అంటున్నారు. కొబ్బరిబొండాలు అమ్మే కుర్రోడు కూడా! ఆడిటర్ గారి దగ్గర ఆ ముక్క ఎత్తితే ఆయనకి నిజంగా కోపం వచ్చింది. కొబ్బరిబొండాలు, అరటిపళ్ళు, కూరగాయలకి అసలు జీఎస్టీయే లేదు, అవొక్కటే అమ్మేవాడు కోటి రూపాయలు అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వాడెందుకు బోర్డు తియ్యాలి అని. ఇక మిగతావాళ్ళకి టర్నోవర్ అంటే క్యాషూ ఫోన్‌పే అన్నీ కలిపే, బోర్డు తీస్తే లిమిట్ పెరగదు. పైగా ఇన్‌కమ్ టాక్స్‌లో నష్టం: 75 లక్షల అమ్మకంలో 50 లక్షలు ఆన్‌లైన్‌లో వస్తే దాని మీద మూడు లక్షలు, మిగతా 25 లక్షల క్యాష్ మీద రెండు లక్షలు, మొత్తం 5 లక్షలు ఆదాయం చూపించాలి, అదే అంతా క్యాష్ అయితే 6 లక్షలు. మీ పిన్ని పంపిన అప్పు, చీటీ పాట డబ్బు, షాపు డబ్బు అన్నీ ఒకే అకౌంట్లో పడేలా పెట్టుకోవద్దు, షాపుకి విడిగా కరెంట్ అకౌంట్ తీయండి, అప్పుడు ఎవడు అడిగినా చూపించొచ్చు అన్నారు. ఆ వారమే తీశాం.

ఏడాదికి పన్నెండు లక్షల ఆదాయం దాకా ఇన్‌కమ్ టాక్స్ లేదు కదా మరి రిటర్న్ ఎందుకు అని చాలామందికి డౌటు, నాకూ ఉండేది. కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా ఏమీ లేదు, ఆ పైన 8 దాకా 5 శాతం, 12 దాకా 10 శాతం అలా లెక్క పడుద్ది, 12 లక్షల లోపు ఆదాయం వాళ్ళకి పడినదంతా రిబేటు కింద కొట్టేస్తారు, ఆ కొట్టేయడం రిటర్న్ వేస్తేనే. ఆదాయం 4 లక్షలు దాటకపోయినా వ్యాపారం టర్నోవర్ 60 లక్షలు దాటితే రిటర్న్ వెయ్యాల్సిందే. షేర్లు అమ్మిన లాభం లాంటివాటికి ఆ రిబేటు వర్తించదు, మా మరిది అది తెలీక ఎగిరాడు పాపం. ఇంకో మాట అన్నారు ఆడిటర్ గారు, తక్కువ చూపిస్తే టాక్స్ తగ్గుద్ది అని సంతోషపడే వాళ్ళు రేపు మిషను కొనడానికి లోన్‌కి బ్యాంకుకి వెళ్ళినప్పుడు మూడేళ్ళ ఐటీఆర్‌లు పట్టుకుని ఏడుస్తారు అని.

మా ఇంట్లోవాళ్ళని అందర్నీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని తీసుకెళ్ళా కాబట్టి వేరే కేసులు కూడా చెప్తా. మా తమ్ముడికి అల్లవరం వైపు రొయ్యల చెరువు ఉంది, దాంతోపాటు మా నాన్నగారి కొబ్బరి తోట. వాడి ఉద్దేశంలో రెండూ భూమి మీద వచ్చేవే కాబట్టి రెండూ వ్యవసాయమే, టాక్స్ లేదు. కొబ్బరి తోట ఆదాయానికి టాక్స్ లేదు గానీ రొయ్యల చెరువు వ్యవసాయం కింద రాదు, వ్యాపారమే అని చెప్పేసరికి వాడి మొహం చూడాలి. సీడు, మేత, కరెంటు, ఏరేటర్లు, లీజు అన్ని ఖర్చుల బిల్లులూ దాచమన్నారు, వైరస్ వచ్చి పంట పోయిన ఏడాది నష్టం చూపించుకోవాలన్నా పుస్తకాలు, బిల్లులు ఉండాలి, గడువు లోపల రిటర్న్ వెయ్యాలి. క్యాష్‌లో ఒక మనిషికి ఒక రోజులో పదివేలు దాటి ఇచ్చిన ఖర్చు లెక్కలోకి తీసుకోరు అని కూడా చెప్పారు, మేత డీలర్‌కి కట్టలు కట్టలు ఇచ్చే మావాడికి అది ఇంకా మింగుడు పడలేదు.

మా పెదనాన్నగారు రిటైర్డ్ టీచర్. బ్యాంకులో డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్ (ముందే కోసేసే టాక్స్) పట్టుకుంటున్నారని ఆయన బాధ. పెద్దవాళ్ళకి 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష దాకా వడ్డీకి పట్టుకోరు, ఆ పైన ఉన్నా టాక్స్ పడనివాళ్ళు పట్టుకోవద్దని బ్యాంకుకి ఫారం ఇవ్వొచ్చు అని చెప్పి, అది ఎలా నింపాలో చూపించారు, దానికి డబ్బులు తీసుకోలేదు. మా చిన్నాడపడుచు భర్త ఉద్యోగస్తుడు, ఆయనకి ఎవడో రీఫండ్ తెప్పిస్తా, వచ్చిన దాంట్లో పర్సెంటేజీ ఇవ్వు అన్నాడంట, పార్టీలకి విరాళం ఇచ్చినట్టు, లేని అప్పుకి వడ్డీ కట్టినట్టు రాసి. ఈయన్ని కూడా అలా చెయ్యమని అడిగితే బయటికి పొమ్మన్నంత పని చేశారు. 2025 జూలై 14న ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు ఇలాంటి దొంగ డిడక్షన్ల మీదే దేశంలో 150 చోట్ల సోదాలు చేశారు, వేసినవాడు ఫోన్ ఆపేసుకుంటాడు, నోటీసు మీ పాన్ మీదే వస్తుంది అన్నారు. మాట కటువుగా ఉంది, మా ఆడపడుచు కొంచెం బాధపడింది, కానీ తప్పు చెప్పలేదు కదా.

ఇప్పుడు బాగోనివి. ఫోన్. 10వ తారీఖు నుంచి 13 దాకా, మళ్ళీ 18 నుంచి 22 దాకా ఆయన ఫోన్ ఎత్తరు, అంతే, దేవుడు చేసినా ఎత్తరు. మూడు నెలలకోసారి అమ్మకాలు చూపించే జీఎస్టీఆర్-1 అనే రిటర్న్‌కి 13, మన రాష్ట్రం వాళ్ళకి టాక్స్ కట్టే 3బీ రిటర్న్‌కి 22 గడువు కాబట్టి అందరూ అప్పుడే మీద పడతారు, అర్థం చేసుకోగలను, కానీ మాకు అవసరం వచ్చేది కూడా అప్పుడే కదండి. 2026 జనవరిలో చూడండి, 13 అంటే భోగి ముందు రోజు. ఊరంతా అల్లుళ్ళతో కళకళలాడుతుంది, మాకు షాపులో ఊపిరాడట్లేదు, అమ్మాయి ఓటీపీ అని ఫోన్. ఆ హడావుడిలో ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు మా హైదరాబాద్ పార్సిళ్ళన్నీ లోకల్ అమ్మకంలో కలిపేశాడు, అంటే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం అమ్మకం మీద పడే టాక్స్) కింద వెళ్ళాల్సింది సగం సెంట్రల్, సగం స్టేట్ కింద వెళ్ళిపోయింది. కనుమ వెళ్ళాక మా ఆయన కొరియర్ రసీదులు లెక్కపెట్టుకుంటూ పట్టుకున్నాడు. 2025 జూలై నుంచి 3బీలో అమ్మకం టాక్స్ మనం చేత్తో మార్చడానికి లేదు, జీఎస్టీఆర్-1లో ఉన్నదే వచ్చి కూర్చుంటుంది, అదృష్టం ఏంటంటే 3బీ ఇంకా వెయ్యలేదు కాబట్టి 1ఏ అనే ఫారంలో సరిచేశారు. ఆడిటర్ గారు మా వాడి తప్పే అని ఒప్పుకుని ఆ పనికి డబ్బులడగలేదు, అది వేరే విషయం, కానీ మేం చూసుకోకపోతే? చూసినవాళ్ళు లేకపోతే ఒకసారి కట్టింది రీఫండ్‌కి పెట్టుకుని ఇంకోసారి కట్టాల్సొచ్చేది. వేసేముందు ఒక ప్రింటు తీసి వాట్సాప్‌లో పెట్టమని అడిగాం, పెడతానన్నారు, చూడాలి.

ఇంకా, రసీదు అడిగితేనే ఇస్తారు. టాక్స్ ఆఫీసులో రసీదు అడిగి తీసుకోవాల్సి రావడం ఏంటో మరి. కూర్చోడానికి మూడు కుర్చీలే, మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మా పెదనాన్నగారిని ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. మాట కటువు అని ముందే చెప్పాను, ఆడవాళ్ళు వెళ్తే మీ ఆయన్ని పంపండి అనే టైపు కాదు మాత్రం, నాకే నేరుగా లెక్క చెప్తారు, అందుకు నా మార్కులు ఎక్కువ.

ఫీజు జీఎస్టీకి మూడు నెలలకి 2,500, ఐటీఆర్‌కి విడిగా 1,500 తీసుకుంటున్నారు. పాతాయనకంటే ఎక్కువే. కాంపోజిషన్ వాళ్ళకి తక్కువ. నోటీసులొస్తే జవాబు రాయడానికి కేసుని బట్టి. మాలాంటి సైజు వాళ్ళకి వర్తు అనే నా అభిప్రాయం, అయిదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటి ఫోన్‌కీ కుర్రాడికీ తగ్గించా. ఏడాదికి రెండు మూడు బిల్లులు మాత్రమే ఉండి కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు ఈయన దాకా రానక్కర్లేదు, ఇంట్లో డిగ్రీ చదివిన పిల్లలుంటే పోర్టల్‌లో వాళ్ళే వేసుకోవచ్చు, కష్టమేం కాదు.

వెళ్ళేవాళ్ళు ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్ళండి, ఖాళీగా ఉంటారు, మార్చి వస్తే మళ్ళీ దొరకరు, మాలాగా శాతం లెక్కన లాభం చూపించేవాళ్ళకి అడ్వాన్స్ టాక్స్ మొత్తం మార్చి 15 లోపే కట్టాలి కాబట్టి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం బదులు 2025 ఇన్‌కమ్ టాక్స్ చట్టం కదా, అందరూ అదేంటి ఇదేంటి అని వెళ్ళి కూర్చుంటారు, మాకు చెప్పింది ఏంటంటే 2026 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి వేసే రిటర్న్ పాత చట్టం కిందే, అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి టాక్స్ ఇయర్ అని వచ్చేది ఆ తర్వాతి లెక్కకి, దానికోసం పరుగెత్తక్కర్లేదు. పాన్, ఆధార్, కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకెళ్ళండి, జిరాక్స్ షాపు కింద ఉంది గానీ కరెంటు పోతే అంతే సంగతులు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా తలుపులు వేసేస్తారు, శనివారం అసలు వెళ్ళొద్దు, ఆయన కూడా వాడపల్లిలోనే ఉంటారు.